ఉర్బీనో దంపతుల బొమ్మ: వెనక్కి తిప్పి చూస్తేనే అసలు కథ

హాయ్ అందరికీ. ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్న బొమ్మ మీలో చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఎర్ర టోపీ, ఎర్ర అంగీ, గాడి పడ్డ ముక్కుతో ఒకాయన, ఆయనకి ఎదురుగా తెల్లగా పాలిపోయిన మొహంతో ఒకావిడ. ఆయన ఫెదెరీగో దా మోంతెఫెల్త్రో, ఆవిడ ఆయన భార్య బత్తిస్తా స్ఫోర్జా. ఇటలీలో కొండల మధ్య ఉన్న ఉర్బీనో అనే చిన్న రాజ్యాన్ని ఏలిన జంట. గీసింది పియెరో దెల్లా ఫ్రాంచెస్కా. ఒక్కో చెక్క ప్యానెల్ 47 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు, అంతే, పెద్దదేం కాదు. మామూలుగా దీన్ని గొప్ప యోధుడు, ఎదురుగా ఆయన భార్య అన్నట్టు చూసి వెళ్ళిపోతుంటారు, నాకు మాత్రం ఇది ముందు ఆవిడ బొమ్మ, తర్వాతే ఆయనది అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

[స్క్రీన్ మీద: రెండు ప్యానెల్స్ పక్కపక్కన]

ముందు ఎవరు ఎటువైపు ఉన్నారో చూడండి. ఆ కాలంలో, అంటే 15వ శతాబ్దంలో, జంట పోర్ట్రెయిట్ అంటే సాధారణంగా భర్త మనకి ఎడమవైపు ఉంటాడు, భార్య కుడివైపు, ఎందుకంటే కుడిచేతి వైపు గౌరవ స్థానం, వాళ్ళిద్దరూ మనవైపు తిరిగి ఒక వరసలో కూర్చున్నట్టు ఊహించుకుంటే భర్త భార్యకి కుడిచేతి వైపు వస్తాడు, ఆయనది పెద్ద చోటు అవుతుంది. ఇక్కడ తారుమారైంది, ఆ పెద్ద చోట్లో బత్తిస్తా ఉంది. దీనికి కారణం చాలా సింపుల్. 1450 ప్రాంతంలో ఒక పోటీలో బల్లెం తగిలి ఫెదెరీగో కుడి కన్ను పోయింది, ముక్కు మీద ఆ గాడి కూడా ఆ దెబ్బతో ముడిపెట్టే చెప్తారు. అందుకని ఎడమ వైపు మొహమే చూపించాలి, ఎడమ మొహం కనపడాలంటే ఆయన మనకి కుడివైపు ఉండి ఇటు చూడాలి. కానీ పియెరో మిగతావేం దాచలేదు, చెంప మీద పుట్టుమచ్చలు కూడా లెక్కపెట్టుకోవచ్చు, ముక్కు గాడి అయితే ఆకాశం మీద గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. అందంగా చూపించడం కన్నా ఇతను ఇతనే అని చెప్పడం ముఖ్యం అనుకున్నాడు, నాకైతే ఆ ధైర్యం చాలా నచ్చుతుంది.

ఇక ఇద్దర్నీ పక్కనుంచే ఎందుకు గీశాడంటే, పాత రోమన్ నాణేల మీద చక్రవర్తుల తలలు అలాగే ఉండేవి, ఆ రోజుల్లో ఇటలీ పాలకులు అదే పద్ధతిలో మెడల్స్ కొట్టించుకునేవాళ్ళు. చూడగానే అధికారం అని తెలియాలి. తలలు దాదాపుగా ఆకాశంలో ఉన్నాయి, కింద కొండలు, దారులు, నీళ్ళు, ఫెదెరీగో వైపు పడవలు కూడా. ఆ భూమి రెండు ప్యానెల్స్ దాటి ఒకే వరసలో సాగుతుంది, అంటే ఈ నేల ఇద్దరిదీ అని.

బత్తిస్తా దగ్గరికొస్తే, మెడలో ముత్యాలు శుద్ధతకి గుర్తు, నుదురు అంత వెడల్పుగా ఉండడం అప్పటి ఫ్యాషన్, ముందు జుట్టు పీకేసుకునేవాళ్ళు. ఆ తెల్లదనం గురించే అసలు గొడవ. తెల్లటి చర్మం అప్పట్లో అందం, నిజమే, కానీ ఎండకి కమిలిన ఫెదెరీగో మొహం ఎదురుగా పెట్టి చూస్తే ఈవిడ మరీ రక్తం లేనట్టు ఉంది. 1472 జనవరిలో, వరసగా ఆడపిల్లల తర్వాత, కొడుకు గ్విదొబాల్దో పుట్టాడు. అదే ఏడాది జూలైలో ఆవిడ చనిపోయింది, వయసు 26. ఫెదెరీగో ఆ జూన్‌లోనే ఫ్లోరెన్స్ తరఫున వోల్తెర్రా పట్టణాన్ని పట్టుకుని పెద్ద పేరు తెచ్చుకున్నాడు, ఆ పేరు చల్లారకముందే భార్య పోయింది. అందుకే ఈ బొమ్మ ఆవిడ పోయాక పూర్తయిందని చాలామంది పండితులు అంటారు, అందరూ ఒప్పుకోరు అనుకోండి, నేను మాత్రం ఒప్పుకునే వైపే. ఎందుకో బొమ్మ వెనక వైపు చూస్తే తెలుస్తుంది.

[స్క్రీన్ మీద: ప్యానెల్స్ వెనక వైపు]

అవును, ఈ బొమ్మకి వెనక కూడా బొమ్మలున్నాయి, పాత రోమ్ విజయయాత్రల్లాగా రెండు రథాలు ఎదురెదురుగా వస్తుంటాయి. ఫెదెరీగోది తెల్ల గుర్రాలు లాగే రథం, కవచం వేసుకుని కూర్చున్నాడు, వెనక నుంచి రెక్కలున్న విజయదేవత తల మీద కిరీటం పెడుతోంది, ముందు నలుగురు ఆడవాళ్ళ రూపంలో న్యాయం, వివేకం, ధైర్యం, నిగ్రహం. పాలకుడికి ఉండాల్సిన లక్షణాలు, ఊహించినవే.

బత్తిస్తా రథాన్ని లాగేది ఒంటికొమ్ము గుర్రాలు, అవి పాతివ్రత్యానికి గుర్తు. ఆవిడ చేతిలో తెరిచిన పుస్తకం. ఇది ఊరికే పెట్టిన భక్తి సింబల్ మాత్రమే కాదని నా నమ్మకం, ఆవిడ నిజంగానే లాటిన్ చదువుకున్న మనిషి, 14 ఏళ్ళ ప్రాయంలో పెళ్ళై వచ్చి, భర్త జీతానికి యుద్ధాలు చేస్తూ నెలల తరబడి బయట ఉంటే ఉర్బీనోని నడిపింది ఆవిడే. ఆవిడతో ఉన్నవి విశ్వాసం, ఆశ, కరుణ లాంటి గుణాలు. కరుణ నల్ల బట్టల్లో ఉంది, ఒళ్ళో పెలికాన్ పక్షి. ఆ పక్షి తన రొమ్ము తనే పొడుచుకుని ఆ రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని అప్పటి వాళ్ళ నమ్మకం, క్రీస్తు త్యాగానికి గుర్తుగా వాడేవాళ్ళు. కొడుకు పుట్టిన ఆరు నెలలకి పోయిన తల్లి రథం మీద ఆ పక్షి ఉంటే, చూసిన ఉర్బీనో వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

రథాల కింద లాటిన్ పద్యాలున్నాయి. ఆయన పద్యం మొత్తం వర్తమానంలో నడుస్తుంది, రాజదండం పట్టుకుని వైభవంగా ఊరేగుతున్నాడు అని. ఆవిడ పద్యంలో మాత్రం మంచి రోజుల్లోనూ హద్దు దాటకుండా ఉండేది అని నడవడిని భూతకాలంలో చెప్పి, ఇప్పుడు జనం నోళ్ళలో నానుతోంది అంటారు. చనిపోయిన వాళ్ళ గురించి చెప్పే తీరు ఇది. అయితే అందులోనే భర్త ఘనకార్యాల పొగడ్తే ఆవిడకి అలంకారం అన్నట్టు రాశారు, అది నాకు అస్సలు నచ్చదు, రాజ్యం నడిపిన మనిషికి సొంత ఘనకార్యాలు లేవా? పద్యం ఇవ్వనిది బొమ్మ ఇచ్చింది, పుస్తకం ఇచ్చింది, రథం ఇచ్చింది, భర్తతో సమానమైన సైజు ఇచ్చింది.

ఇది 1631 ప్రాంతంలో ఉర్బీనో వారసురాలి ఆస్తితో పాటు ఫ్లోరెన్స్ చేరింది, ఇప్పుడు ఉఫీజీ మ్యూజియంలో రెండు వైపులా కనపడేలా నిలబెట్టారు. ఎప్పుడైనా అటు వెళ్తే ముందు వైపు జనం ఫొటోలు తీసుకుంటూ గుంపుగా ఉంటారు, మీరు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళండి, బత్తిస్తా రథం మీకు కుడివైపు ప్యానెల్‌లో ఉంటుంది.