జీవో చివర గవర్నర్ పేరెందుకుంటుంది?

[తెర మీద: పాత జీవో కాగితం, చివరి లైను దగ్గరగా]

మా నాన్న తిరుపతిలో గవర్నమెంట్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన బీరువాలో ఒక గుడ్డసంచి నిండా జీవోలు, అంటే ప్రభుత్వ ఉత్తర్వులు, ఉంటాయి, జీతాలు సవరించే పీఆర్సీవి, కరువు భత్యం డీఏవి, అంచులు పసుపెక్కిపోయినవి. ఏది తిప్పినా చివర, ఆఫీసర్ పేరుకి పైన, ఒకటే లైను: ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఉత్తర్వు మేరకు, గవర్నర్ పేరున. చిన్నప్పుడు అడిగాను, "నాన్నా, నీ డీఏ సంగతి గవర్నర్‌కి కూడా తెలుసా?" అని. "పేరు ఆయనదిరా అబ్బోడా, పని మంత్రులది" అన్నారు.

ఈ వీడియో ఆ మాట గురించే. ఆ మాట ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు అనేది తెలుసుకోవాలి.

నమస్తే అండీ. మన ఊళ్ళో గవర్నర్ అంటే ముందు కొండే గుర్తొస్తుంది కదా. మహాద్వారం దగ్గర ఇస్తికఫాల్ స్వాగతం, దర్శనమయ్యాక రంగనాయకుల మండపంలో వేదాశీర్వచనం, మర్నాడు పేపర్లో ఫోటో. మరి ఈ మర్యాదలన్నీ అందుకునే పదవి చేతిలో నిజంగా ఏముంది?

రాజ్యాంగం చూస్తే చాలా ఉన్నట్టే ఉంటుంది. 154వ అధికరణం రాష్ట్ర కార్యనిర్వాహక అధికారమంతా గవర్నర్‌కిచ్చింది, 166 ప్రకారం ప్రభుత్వం చేసే పనులన్నీ ఆయన పేరునే జరగాలి. కానీ మధ్యలో 163 ఉంది. ముఖ్యమంత్రి, మంత్రులు ఇచ్చే సలహా మేరకు గవర్నర్ నడుచుకోవాలని దాని సారాంశం. 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీలతో కూర్చుని ఇదే గట్టిగా చెప్పింది. అసెంబ్లీలో ఏడాది మొదట్లో ఆయన "నా ప్రభుత్వం" అంటూ చదువుతారే, ఆ ప్రసంగం కూడా మంత్రివర్గం ఆమోదించి పంపిందే.

అలాంటప్పుడు ఈ కుర్చీ ఎందుకు? అది మనం చేయించుకున్నది కాదు, మనకు మిగిలిపోయినది.

[తెర మీద: మద్రాసు ప్రెసిడెన్సీ మ్యాపు, చిత్తూరు జిల్లా]

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. అప్పటి గవర్నర్ లండన్ నుంచి వచ్చిన మనిషి, ఆయన మాటే శాసనం. 1935 చట్టం వచ్చాక ఎన్నికైన మంత్రులకు కొంత అధికారం దక్కింది గానీ, అందులో 93వ సెక్షన్ అని ఒకటుంది, పాలన నడవడం లేదనిపిస్తే మొత్తం గవర్నరే చేతిలోకి తీసుకోవచ్చు. 1939లో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసినప్పుడు అదే జరిగింది, 1946 వరకు మద్రాసు రాష్ట్రాన్ని, అంటే మన చిత్తూరునీ తిరుపతినీ కూడా, గవర్నర్లే ఏలారు. ఇప్పుడు రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణం ఉందే, దాని వేరు అక్కడుంది. మన తెలుగు రాష్ట్రం 1954లో, 1973లో, మళ్ళీ విభజన ముందు 2014లో ఆ పాలన చూసింది.

రాజ్యాంగ సభలో మొదట అనుకున్నది వేరు. గవర్నర్‌ని ప్రజలే ఓటేసి ఎన్నుకోవాలని 1947లో నిర్ణయించారు. తర్వాత భయమేసింది. ముఖ్యమంత్రినీ జనమే గెలిపించి, గవర్నర్‌నీ జనమే గెలిపిస్తే, ఒకే ఒరలో రెండు కత్తులు. అందుకని 1949 మే నెలాఖరులో మార్చి, రాష్ట్రపతి నియమించే పదవి చేశారు. ఆ సభలో మన తిరుచానూరు బిడ్డ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ సభ్యుడు. ఆయనే తర్వాత లోక్‌సభ స్పీకరయ్యారు, 1962 నుంచి 1967 దాకా బీహార్ గవర్నర్‌గా చేశారు. రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషి అది పెట్టిన కుర్చీలో కూడా కూర్చున్నారన్నమాట. మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు ఈ సంగతి? నాకిది బాధగానే ఉంటుంది.

కానీ 1949లో ఒక చిక్కు అలాగే వదిలేశారు. 156 ప్రకారం పదవీకాలం అయిదేళ్ళు, అయితే రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతవరకే. రాష్ట్రపతి ఇష్టమంటే కేంద్రంలో ఉన్న ప్రభుత్వం ఇష్టం. ఈ మాట గుర్తుపెట్టుకుని 1984కి రండి.

1983లో ఎన్టీ రామారావు గారు గుడివాడలో, మన తిరుపతిలో, రెండుచోట్లా గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చారో లేదో, ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ని తొలగించి, నాదెండ్ల భాస్కరరావు గారితో ప్రమాణం చేయించారు. మెజారిటీ ఎమ్మెల్యేలు నాతోనే ఉన్నారు, కావాలంటే లెక్కపెట్టుకోండి అని రామారావు గారు వాళ్ళని రాజ్‌భవన్‌కే తీసుకెళ్ళారు. లెక్కపెట్టలేదు. కొత్త ముఖ్యమంత్రికి మాత్రం బలం చూపించుకోడానికి నెల గడువిచ్చారు. రాష్ట్రమంతా బంద్‌లు, ఊరేగింపులు. మా నాన్న అప్పుడు డిగ్రీ స్టూడెంట్, రేడియోలో వార్తల టైముకి టీకొట్టు దగ్గర రోడ్డు నిండిపోయేదని ఇప్పటికీ చెప్తారు. చివరికి రాంలాల్ వెళ్ళిపోయి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు, సెప్టెంబర్ 16న రామారావు గారు మళ్ళీ ముఖ్యమంత్రి. సరిగ్గా నెల.

పేరు ఆయనది, పని మంత్రులది అన్నది ఆ నెల నిజం కాలేదు. జనం వేసిన ఓటుని రాజ్‌భవన్‌లో ఒక గదిలో కూర్చుని తిరగరాశారు. ఏ పార్టీకి జరిగినా ఇది తప్పే అని నేను నమ్ముతాను.

1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో, అది కర్ణాటక నుంచి వెళ్ళింది, సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఈ దారి చాలావరకు మూసేశారు. బలం ఉందా లేదా అనేది తేల్చాల్సింది సభలో, గవర్నర్ మనసులో కాదు. ఇప్పుడు టీవీలో బలపరీక్ష అని వింటున్నామంటే దానివల్లే.

ఇంకో సందు మిగిలింది, బిల్లులు. అసెంబ్లీ పాస్ చేసిన బిల్లుకి గవర్నర్ సంతకం కావాలి. 200వ అధికరణం ప్రకారం ఒప్పుకోవచ్చు, వెనక్కి పంపొచ్చు, రాష్ట్రపతికి పంపొచ్చు. వెనక్కి పంపేది "వీలైనంత త్వరగా" పంపమంది. ఎన్ని రోజులో రాయలేదు. మన పక్కనే తమిళనాడులో బిల్లులు ఏళ్ళ తరబడి ఆగితే, 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచి 10 బిల్లులకు ఆమోదం వచ్చినట్టే అనేసింది, గడువులూ పెట్టింది. అదే ఏడాది నవంబర్ 20న అయిదుగురు జడ్జీలు, రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ, కోర్టులు అలా గడువు పెట్టకూడదు, ఆమోదం వచ్చినట్టు అనుకోడానికీ వీల్లేదు అన్నారు. కారణం చెప్పకుండా మరీ సాగదీస్తే మాత్రం, ఏదో ఒకటి తేల్చమని కోర్టు చెప్పగలదట.

నా అభిప్రాయం అడిగితే, గడువు రాజ్యాంగంలోనే రాయాలి. నచ్చకపోతే కారణం రాసి వెనక్కి పంపే హక్కు గవర్నర్‌కుంది, పంపమనండి, సభ మళ్ళీ చర్చిస్తుంది. ఫైలు మీద కూర్చోవడం మాత్రం జవాబు కాదు, ఎందుకంటే ఆ ఫైల్లో ఉన్నది చిత్తూరులోనో చంద్రగిరిలోనో ఎండలో క్యూలో నిలబడి ఓటేసినవాళ్ళ మాట.

[తెర మీద: యూనివర్సిటీ పట్టా]

ఎస్వీ యూనివర్సిటీలో, పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివినవాళ్ళకి ఇంకొకటి. మీ యూనివర్సిటీకి ఛాన్సలర్ గవర్నరే. ఆ హోదాలో ఆయన ఎంతవరకు సొంతంగా నిర్ణయం తీసుకోవచ్చు, వీసీల నియామకం దగ్గర గొడవలెందుకొస్తాయి అనేది పెద్ద కథ, దానికి విడిగా వీడియో చేస్తాను. ఈలోపు ఇంట్లో పాత జీవో ఏదైనా ఉంటే తీసి, చివరి లైను మీ పిల్లలకి చూపించండి.