సౌర ఫలకాల పనితీరు, లోపాల గుర్తింపు: మన ఎండలో జరగవలసిన పరిశోధన

సభకు నమస్కారం.

అమెరికాలోని బెల్ ప్రయోగశాల సిలికాన్ సౌర ఘటాన్ని లోకానికి చూపించిన 1954లోనే మన తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. ఆనాటి ఘటం తన మీద పడిన వెలుగులో దాదాపు 6 శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగింది. ఇలాంటి ఘటాలను వరుసగా కూర్చి చేసే ఫలకాల్లో ఇవాళ బజారులో దొరికే మంచివి 20 శాతం దాటాయి. ఒంటి సిలికాన్ ఘటం 29 శాతానికి కొంచెం పైదాకా మాత్రమే వెళ్లగలదు కనుక, దాని మీద పెరోవ్‌స్కైట్ అనే, వెలుగును పీల్చుకునే మరో పదార్థపు పొరను చేర్చి ఆ హద్దును దాటే పరిశోధన జరుగుతోంది. అది గొప్ప పనే. అయినా ఇప్పటికే మిద్దెలెక్కిన ఫలకాలు రోజూ పోగొట్టుకుంటున్న విద్యుత్తును వెతికి పట్టుకోవడం మన ప్రాంతానికి అంతకంటే అవసరమని నా అభిప్రాయం.

ముందుగా వేడి సంగతి. ఫలకం వెనుక రాసి ఉండే వాట్లు ఘటం 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మే నెల మధ్యాహ్నం తిరుపతి మిద్దె మీద అది 65 డిగ్రీలకు చేరుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున తగ్గే 540 వాట్ల ఫలకం అప్పుడు, ఎండ నిండుగా ఉన్నా, 465 వాట్లకు మించి ఇవ్వదు. ఇది లోపం కాదు, సిలికాన్ స్వభావం. లోపాన్ని వెతికే పద్ధతి ఏదైనా ఈ తగ్గుదలను ముందే లెక్కలోంచి తీసేయాలి. లేకపోతే ప్రతి వేసవీ దానికి జబ్బులాగే కనిపిస్తుంది.

మా పెదనాన్నగారి మిద్దె మీద ఎనిమిది ఫలకాలున్నాయి. నీడ పడిన ఘటాలను తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్లు ఒక్కో ఫలకంలో మూడుంటాయి. ఒక ఫలకంలో వాటిలో ఒకటి షార్ట్ అయి, ఆ ఫలకం మూడో వంతు వోల్టేజీని కోల్పోయింది. మొత్తం మీద నష్టం సుమారు 4 శాతం. మబ్బు పట్టిన నాలుగు రోజులు చాలు, బిల్లులో అంత తేడా రావడానికి. అందుకే నేను మీటరు పెట్టి కొలిచేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చెప్పకుండా జరిగే ఇలాంటి నష్టమే నన్ను ఈ పనిలోకి దింపింది.

కరెంటు, వోల్టేజీల మధ్య గీసే వక్రరేఖలో ఒక్కో లోపానికి ఒక్కో గుర్తు ఉంటుంది. దుమ్ము సమానంగా పరుచుకుంటే రేఖ ఆకారం చెడకుండా కరెంటు మాత్రమే కిందికి దిగుతుంది. వాటర్ ట్యాంకు నీడో, కాకి రెట్టో ఒకటి రెండు ఘటాలను కప్పితే రేఖ మధ్యలో మెట్టు ఏర్పడుతుంది. కనెక్టరు తుప్పు పట్టి నిరోధం పెరిగితే రేఖ చివరి వాలు ఏటవాలుతనం కోల్పోతుంది. మెట్టు పడిన చోట మరో చిక్కు కూడా ఉంది: అప్పుడు శక్తి రేఖకు, అంటే ఏ వోల్టేజీ దగ్గర ఎన్ని వాట్లు వస్తాయో చూపే రేఖకు, రెండు శిఖరాలు వస్తాయి. వోల్టేజీని కొంచెం కదిపి, శక్తి పెరిగిందో తగ్గిందో చూసుకుంటూ నడిచే మామూలు ఇన్వర్టరు (ఫలకాల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) చిన్న శిఖరం దగ్గరే ఆగిపోవచ్చు. కనుక అప్పుడప్పుడు రేఖ మొత్తాన్ని ఒకసారి తడిమి చూసే ఇన్వర్టరుకు రెండు లాభాలు: పెద్ద శిఖరమూ దొరుకుతుంది, లోపం జాడా దొరుకుతుంది. పనితీరు పెంచడం, లోపం పట్టడం వేరువేరు పరిశోధనలు కావని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

రేఖ చెప్పలేనిది చిత్రం చెబుతుంది. పట్టపగలు థర్మల్ కెమెరాలో వేడెక్కిన ఘటం మెరుస్తూ కనిపిస్తుంది. చీకట్లో ఫలకంలోకి బయటి నుంచి కరెంటు పంపితే సిలికాన్ మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వెలువరిస్తుంది. వెంట్రుక కంటే సన్నని పగుళ్లు అందులో నల్లటి గీతలుగా తేలతాయి.

ఈ గుర్తులను కంప్యూటరుకు నేర్పడం కష్టం కాదు. కానీ ప్రయోగశాలలో అట్టముక్క అడ్డం పెట్టి సృష్టించిన నీడతో నేర్చుకున్న ప్రోగ్రాము చిత్తూరు వైపు గ్రానైట్ పొడి పడే ఊళ్లో, ఉప్పుబోరు నీళ్లతో కడిగి తెల్లటి పొర కట్టిన ఫలకం ముందు తడబడుతుంది. మామిడి తోటలో ఉదయపు నీడ ఒక తీరు, తిరుపతి అపార్ట్‌మెంటు మిద్దె మీద సాయంత్రపు నీడ మరో తీరు. ఈశాన్య రుతుపవనాల వానలకు ముందూ తర్వాతా, ఈ మూడు రకాల చోట్లా ఒక పూర్తి సంవత్సరం కొలతలు తీయాలి. ఏ రోజు ఏ లోపం ఉందో మనిషి కంటితో చూసి రాయాలి. మీలో ఎవరి మిద్దె మీద, ఎవరి బోరు దగ్గర ఫలకాలున్నా, వాటికి కొలత పరికరం బిగించుకోనివ్వమని అడగడానికే ఇవాళ వచ్చాను. కడిగిన తేదీ ఒక్కటి మీరు క్యాలెండరు మీద రాసిపెడితే చాలు.