చీనీ తోటలో మినీ ట్రాక్టర్: పిన్ను, లీవరు, లాకు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు ట్రాక్టర్ వెనక ఉండే చిన్న చిన్న లాకుల గురించి మాట్లాడుకుందాం. మట్టిని తిప్పి గుల్ల చేసే రోటవేటర్, గొర్రు, గుంటక, ఏది తగిలించినా దాన్ని పట్టి ఉంచేవి ఆ పిన్నులు, లీవర్లే. అనంతపురం వైపు చీనీ, అంటే బత్తాయి తోటల్లో తిరిగే మినీ ట్రాక్టర్లను బాగుచేసే అన్న మనతో ఉన్నారు. అన్నా, సూటిగా అడుగుతాను. నడుస్తూ నడుస్తూ పనిముట్టు ఊడిపడిందంటే తప్పు ఎక్కడ ఉంటుంది?

మెకానిక్: ఎక్కువసార్లు లాక్ పిన్నులోనే ఉంటుంది చెల్లెమ్మా. పనిముట్టును ట్రాక్టర్‌కు పట్టి ఉంచే లావు పిన్ను విరగడం నేను తక్కువే చూశాను. దాని చివర రంధ్రంలో రింగు ఉన్న చిన్న పిన్ను పెడతాం కదా, అది ఎక్కడో పడిపోతుంది. దాని చోట ఒక మేకు దూర్చి వంచేస్తారు. లేదంటే బైండింగ్ వైరు చుడతారు. రోటవేటర్ అదురు మామూలుగా ఉండదు. మేకు అరిగిపోయి తెగుతుంది, వైరు అంతకన్నా ముందే తెగుతుంది. తెగిన సంగతి సీట్లో కూర్చున్నవాడికి తెలియదు.

హోస్ట్: ఎద్దుల బండి ఇరుసుకు కడచీల ఉండేది, అది ఊడితే చక్రమే జారిపోయేది. అలాంటిదేనా?

మెకానిక్: అచ్చం అదే పని. పైగా కొత్తది కొనాలంటే కాఫీ, టిఫిన్ ఖర్చు కూడా కాదు. టూల్ బాక్సులో నాలుగు అదనంగా వేసుకోమని నేను అందరికీ చెప్తాను. పెట్టేటప్పుడు రింగు వెనక్కి తిరిగి కాడను గట్టిగా పట్టుకోవాలి. చేత్తో తడితేనే తెరుచుకుంటోందంటే ఆ రింగులో స్ప్రింగు బలం పోయినట్టే, పారేయాలి. ఇంకో మాట, రింగు కొమ్మలకూ గడ్డికీ తగలని వైపు ఉండేలా చూసుకోవాలి. చిన్న గొలుసుతో లావు పిన్నుకే కట్టేస్తే పారేసుకోవడం కూడా ఉండదు.

హోస్ట్: మరి లావు పిన్ను సైజు? ఏది దొరికితే అది దూర్చడం చూస్తుంటాను.

మెకానిక్: అది ఇంకో జబ్బు. ట్రాక్టర్ వెనక పనిముట్టును పట్టుకునేవి కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింక్. ఈ మూడు పాయింట్ల లింకేజీకి కేటగిరీలు, అంటే సైజులు ఉన్నాయి. కేటగిరీ 1 అయితే కింది చేతుల పిన్ను 22 మిల్లీమీటర్లు, పైన టాప్ లింక్ పిన్ను 19. కేటగిరీ 0 అయితే మూడూ 16 మిల్లీమీటర్లే. మరీ చిన్న బండ్లకు అది వస్తుంది. 22 పట్టే రంధ్రంలో 19 పిన్ను పెట్టామనుకో, దూరుతుంది, పని కూడా జరుగుతుంది. కానీ లోపల ఆడుతూ ఆడుతూ రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. తర్వాత సరైన పిన్ను పెట్టినా నిలవదు. తేడా ఉంటే మధ్యలో బుష్, అంటే చిన్న ఇనుప గొట్టం వేసుకోవాలి.

హోస్ట్: ఈ మూడు పాయింట్ల పద్ధతి ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్‌ది కదా. 1936లో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టర్‌కు వచ్చింది, 1939లో ఫోర్డ్‌తో కలిసి చేసిన బండితో బాగా వ్యాపించింది. మన ఊళ్లలో మాసీ అని పిలిచే బండి పూర్తి పేరు మాసీ ఫెర్గూసన్, అందులో ఉన్నది ఆయనే.

మెకానిక్: ఆయన గొప్పతనం ఏమిటంటే, నాగలి ఏ రాయికో తగులుకుంటే ట్రాక్టర్ ముందు భాగం లేచి వెనక్కి తిరగబడే ప్రమాదాన్ని బాగా తగ్గించాడు. తగులుకున్నప్పుడు ఆ టాప్ లింక్ ముందు భాగాన్ని కిందికి నొక్కుతుంది. అందుకే నాకు బాధేస్తుంది. టాప్ లింక్ పాయింటుకే గొలుసు కట్టి మొద్దులు లాగేవాళ్లున్నారు. అంత ఎత్తు నుంచి లాగితే బండి ముందు చక్రాలు లేస్తాయి. లాగాలంటే కింద డ్రాబార్ ఉంది, దానికే కట్టాలి.

హోస్ట్: ఇప్పుడు లీవర్ల సంగతి. సీటు పక్కన పనిముట్టును ఎత్తి దించే హైడ్రాలిక్ లీవర్ దానంతట అదే జారుతోందని చాలామంది అంటుంటారు.

మెకానిక్: ఆ లీవర్‌ను పట్టి ఉంచేది రాపిడి. చాలా బండ్లలో పక్కన ఫ్రిక్షన్ వాషర్లు, స్ప్రింగు, నట్టు ఉంటాయి. అదురుకి నట్టు వదులవుతుంది, లీవర్ మెల్లగా కిందికి వస్తుంది. నట్టు కొంచెం బిగిస్తే చాలాసార్లు అయిపోతుంది. కొందరు లీవర్ గట్టిగా ఉందని ఆయిల్ పోస్తారు. ఆ వాషర్లు పొడిగా ఉంటేనే పట్టుకుంటాయి, ఆయిల్ పడితే పట్టు పోతుంది. ఇక చీనీ తోటలో ఇంకో ఇబ్బంది ఉంది. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, ముళ్లు కూడా. చెట్ల మధ్య మలుపు తిప్పేటప్పుడు కొమ్మ వచ్చి లీవర్‌నే తోస్తుంది. ఎత్తి ఉన్న రోటవేటర్ ఒక్కసారిగా దిగుతుంది.

హోస్ట్: ఇంజన్ ఆపేసి ఉంటే దిగదు కదా?

మెకానిక్: అదే అపోహ చెల్లెమ్మా, దయచేసి వినేవాళ్లందరూ ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎత్తడానికే ఇంజన్ కావాలి. దిగడానికి దాని బరువు చాలు. ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నా సరే, లీవర్ కిందికి జరిగితే రోటవేటర్ దిగుతుంది. లోపల ఆయిల్‌ను ఆపే సీళ్లు అరిగినా మెల్లగా దిగుతుంది. బ్లేళ్లకు చుట్టుకున్న గడ్డి తీయడానికి దాని కింద చేతులు పెడతారు. పక్కన పిల్లవాడు ఆడుకుంటూ లీవర్ పట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందు నేలకు దించాలి. ఎత్తి ఉంచి పని చేయాల్సి వస్తే కింద గట్టి చెక్కదిమ్మలు పెట్టాలి. హైడ్రాలిక్‌ను నమ్మి ఎవరూ కిందికి దూరొద్దు.

హోస్ట్: రోడ్డు మీద వెళ్లేటప్పుడు?

మెకానిక్: చాలా మినీ ట్రాక్టర్లలో సీటు కింద దిగే వేగం తగ్గించే నాబ్ ఒకటి ఉంటుంది. కొన్ని బండ్లలో దాన్ని పూర్తిగా మూసేస్తే పనిముట్టు ఎత్తిన చోటే ఆగుతుంది. మీ బండికి అలా ఉందో లేదో మాన్యువల్ చూసుకోండి, లేదా షోరూంలో అడగండి. పక్కలకు ఊగకుండా చెక్ చైన్లు కూడా బిగించాలి. వదులుగా ఉంటే ఊగి ఊగి టైరుకు రాసుకుంటుంది.

హోస్ట్: క్విక్ హిచ్, అంటే పనిముట్టును కొక్కేలతో త్వరగా తగిలించే అమరిక ఉన్న బండ్లు, ముందు లోడర్ బకెట్ ఉన్న బండ్లు ఇప్పుడు కనిపిస్తున్నాయి. వాటి లాక్ లీవర్లు పైకి లేచిపోతాయని కొందరు సైకిల్ ట్యూబ్ ముక్కతో కట్టి ఉంచుతున్నారు.

మెకానిక్: ట్యూబ్ కట్టడంలో తప్పు లేదు, లీవర్ టపటపా కొట్టుకోకుండా ఉంటుంది. కానీ దాన్నే లాక్ అనుకోకూడదు. ఎండకు ట్యూబ్ పగిలిపోతుంది. లీవర్ ఎందుకు లేస్తోందో ముందు చూడాలి. కొక్కెంలో మట్టి గడ్డకట్టి ఉంటుంది, లేదా తుప్పు పట్టి నాలుక సగమే మూసుకుంటుంది. పైనుంచి చూస్తే మూసుకున్నట్టే కనిపిస్తుంది! దిగి, వంగి, కళ్లతో చూడాలి. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, స్ప్రింగు సాగిపోతే మార్చాలి. లీవర్‌కు సేఫ్టీ పిన్ను రంధ్రం ఇచ్చి ఉంటే అందులో తప్పకుండా పిన్ను పెట్టాలి. లోడర్ బకెట్‌కైతే ఒక పరీక్ష ఉంది. తగిలించాక బకెట్ మొన నేలకు ఆనించి కొద్దిగా నొక్కాలి. పైభాగం విడిపోతున్నట్టు కనిపిస్తే లాక్ పడలేదన్నమాట. ఆ పరీక్ష చేసేటప్పుడు ముందు ఎవరూ నిలబడకూడదు.

హోస్ట్: తగిలించే వరుస ఒకసారి చెప్పండి.

మెకానిక్: ముందు ట్రాక్టర్ కింది చేతుల్లో ఎడమది, తర్వాత కుడిది, చివరికి టాప్ లింక్. కుడివైపు ఎత్తు సరిచేసే తిప్పుడు పిడి ఉంటుంది కాబట్టి అది రెండోది. తీసేటప్పుడు తిరగేసి. పీటీఓ షాఫ్ట్, అంటే ఇంజన్ శక్తిని పనిముట్టుకు అందించే తిరిగే కడ్డీని, ఇంజన్ ఆపాకే ముట్టుకోవాలి. లోపల లాక్ టక్కుమని పడ్డాక వెనక్కి లాగి చూడాలి. అది నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9. తువ్వాలు, లుంగీ, చీర కొంగు, ఏది చిక్కుకున్నా చెయ్యి వెనక్కి తీసుకునే టైం ఉండదు. పైన ప్లాస్టిక్ గార్డు పగిలిన షాఫ్ట్‌తో పని చేయొద్దని ఎంత చెప్పినా తక్కువే.

హోస్ట్: సొంత బండి ఉన్నవాళ్లు చూసుకుంటారు. మాలాంటివాళ్లం గంటల లెక్కన బాడుగకు తెచ్చుకుంటాం. డ్రైవర్ తొందరలో ఉంటాడు, అడిగితే చిరాకు పడతాడు.

మెకానిక్: తొందర ఎందుకంటే లెక్క గంటలది. అందుకే బండి తోట గేటు దగ్గర ఆగగానే చెప్పండి, "అన్నా, పిన్నులన్నీ ఒకసారి చూసుకో, ఈ టైం కూడా నా లెక్కలోనే వేసుకో" అని. లాక్ పిన్ను లేదంటే మీ దగ్గరున్నదే ఇవ్వండి. డబ్బులు తగ్గట్లేదని తెలిస్తే ఏ డ్రైవరైనా దిగి చూస్తాడు.

హోస్ట్: మా తోటలో ఈ వారమే రోటవేటర్ వేయించాలి. ఆ పిన్నులు ఏ సైజు తెచ్చుకోవాలి?

మెకానిక్: వచ్చే బండి ఏదో ముందు ఫోన్‌లో అడిగి, లావు పిన్ను చివరనున్న రంధ్రం ఎంతో కనుక్కో. ఆ రంధ్రంలో ఆడకుండా దూరేది తీసుకో, నాలుగు తీసుకో.