లోపలి మడత

శ్రోతలకు నమస్కారం.

చాలా రోజుల తరువాత ఇంటికి వచ్చిన మనిషిని మనం పలకరించే తీరు ఒకటి ఉంది. "ఏమ్మా, ఇలా చిక్కిపోయావేమిటి?" అనో, "ఈమధ్య బాగా ఒళ్ళు చేశావే!" అనో మొదలుపెడతాము, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఇచ్చేలోపే ఆ మనిషి శరీరం మీద తీర్పు వెలువడుతుంది. అందులో ప్రేమ లేకపోలేదు. అయితే అదే మాట పదేళ్ళ పిల్ల చెవిన పడినప్పుడు, తన ఒళ్ళు పదిమంది చూసి మార్కులు వేసే వస్తువని ఆ పిల్ల నేర్చుకుంటుంది. నేను అలాగే నేర్చుకున్నాను.

మా ఇంట్లో ఇద్దరం ఆడపిల్లలం. అక్క సన్నగా, పొడవుగా ఉండేది. నేను బొద్దుగా, కాస్త నలుపుగా ఉండేదాన్ని. పండక్కి ఒకే తానులోంచి ఇద్దరికీ పరికిణీలు కుట్టించేవారు. వాటిని కట్టుకుని వరండాలోకి రాగానే "అక్కకి కుదిరినట్టు చెల్లికి కుదరలేదు" అని ఎవరో ఒకరు అనేవారు. అన్నవారు మరుక్షణమే మరచిపోయి ఉంటారు. నేను మాత్రం పెళ్ళిళ్ళలో ఫొటో తీసేటప్పుడు వెనక వరుసలోకి జరగడమూ, రామకృష్ణా బీచ్‌లో అందరూ కెరటాలకు తడుస్తుంటే బట్టలు ఒంటికి అంటుకుంటాయని ఒడ్డునే నిలబడడమూ నలభై ఏళ్ళు దాటేదాకా మానలేదు. విశాఖపట్నంలో పుట్టి పెరిగి, సముద్రంలో కాలు పెట్టకుండా అన్నేళ్ళు గడిపాను.

మనిషి తనను ఇతరులతో పోల్చుకుని తన విలువ కట్టుకుంటాడని లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో ప్రతిపాదించాడు. అప్పట్లో పోలిక అక్కతోనో, పక్కింటి పిల్లతోనో ఆగేది. ఆ పోలిక టీవీ తెర దాకా వెళితే ఏమవుతుందో ఫిజీ దీవులలో తెలిసింది. ఒళ్ళు నిండుగా ఉండడమే అందమని తరతరాలుగా ఎంచిన ఆ గడ్డ మీద ఒక ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అక్కడి బడికి వెళ్ళే ఆడపిల్లలను పరిశీలిస్తే, సన్నబడడం కోసం తిన్నది కక్కుకునే అలవాటు మొదట ఒక్కరిలోనూ కనబడలేదు. 1998 నాటికి అది 11.3 శాతం మందిలో కనబడింది. మూడేళ్ళు చాలాయి! ఈనాడు మన పిల్లల అరచేతిలో ఉన్న ఫోను, చర్మం నునుపు చేసి నడుము తగ్గించి చూపే ఆ బొమ్మలతో, ఇంకెంత పని చేస్తున్నదో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

శరీరాన్ని గౌరవించడమంటే ఆరోగ్యాన్ని గాలికి వదలడం కాదు. బరువును ఎత్తుతో లెక్కగట్టే బీఎంఐ కొలతకు మూలం 19వ శతాబ్దపు బెల్జియం గణితవేత్త క్వెట్లే వేసిన లెక్క. అది జనసమూహాల సగటు కోసం పుట్టింది, ఒక్కొక్క మనిషి ఆరోగ్యాన్ని తేల్చడానికి కాదు. పైగా మన ప్రాంతాల వారికి తక్కువ బరువులోనే మధుమేహం రాగలదు కనుక, ఆసియా వాసులు బీఎంఐ 23 దగ్గరే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. సన్నగా కనబడేవారు నిశ్చింతగా ఉండడానికి వీలులేదన్నమాట. రక్తంలో చక్కెర ఎంతుందో పక్కమనిషిని చూసి తెలుసుకోలేము, పరీక్ష చేయించుకోవలసిందే.

నాకు ఈ విషయంలో పాఠం చెప్పింది మా వీధి దర్జీ. చాలా కాలం నా బీరువాలో "సన్నబడ్డాక వేసుకుందాం" అని దాచిన రవికలు ఉండేవి. ఒకరోజు వాటిని పట్టుకెళితే, ఆయన లోపలి మడతలు తిప్పి చూపించి, ప్రతి రవికకూ రెండువైపులా గుడ్డ వదిలే కుడతామమ్మా, మనిషి ఒకేలా ఉండరు కదా అన్నారు. కుట్లు విప్పి మళ్ళీ వేయడానికి అరగంట పట్టింది. శరీరం మారుతుందని ముందే తెలిసి, దానికి చోటు వదిలిన ఆ చేతికి ఉన్న మర్యాద నా ఒంటి పట్ల నాకే లేకపోయిందని అప్పుడు అనిపించింది.

ఆ ఏడాది ఆషాఢ పౌర్ణమి ముందురోజు అక్కా నేనూ సింహాచలం గిరిప్రదక్షిణకు వెళ్ళాము. కొండ కింద తొలి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్ల దారి పట్టాము. పొట్టివారు, పొడుగువారు, పిల్లను చంకనెత్తుకున్న తల్లులు, కర్ర ఊతంతో నడిచే ముసలివారు. ఆ జనంలో ఎవరి ఒళ్ళు ఎలా ఉందో చూసేవారు లేరు, కాళ్ళు బొబ్బలెక్కాయా, మజ్జిగ తాగారా అని అడిగేవారే తప్ప. దారిలో సముద్రపు ఒడ్డున అప్పూఘర్ దగ్గర ఇసుకలో కూర్చున్నప్పుడు అక్క తన ముంజేతిని చూసుకుంటూ అన్నది: "నన్ను ఎండుపుల్ల అనేవారు, గుర్తుందా? నీ చేతులకి గాజులు నిలిచేవి, నావి జారిపోయేవి. ఎన్ని రాత్రులు ఏడ్చానో నీకు తెలీదే."

నాకు నిజంగానే తెలియదు. ఒకే గదిలో పడుకున్నవాళ్ళం. నేను ఆమె చెయ్యి పట్టుకుని లేపాను, ఇద్దరం మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగాము. తడిసిన కుచ్చెళ్ళు వెంకోజీపాలెం చేరేసరికి ఆరిపోయాయి.