లిఫ్ట్ తాడు సంగతి సరే, పిట్‌లో నీళ్లు చూశారా?

"తాడు తెగితే ఎలాగండీ?" భీమవరంలోనైనా, అమలాపురంలోనైనా లిఫ్ట్ మాటెత్తితే ఇదే ప్రశ్న. తాడు ఒక్కటే ఉండదండి, మామూలుగా మూడో నాలుగో ఉంటాయి. సరే, అన్నీ ఒకేసారి తెగాయనే అనుకుందాం.

[తెరపై: కొబ్బరిచెట్టు ఎక్కుతున్న దింపు కార్మికుడి కాళ్లు]

ఆ కాళ్లకున్న బందం చూడండి. బరువు పడేకొద్దీ మానును ఇంకా గట్టిగా పట్టేస్తుంది. లిఫ్టులో మాను అంటే గైడ్ రైళ్లు, క్యాబిన్‌కి పక్కన నిలువుగా ఉండే ఉక్కు పట్టాలు. బందం అంటే క్యాబిన్ అడుగునుండే సేఫ్టీ గేర్, ఉక్కు దవడలు. వాటిని లాగేది గవర్నర్. పైనో చిన్న చక్రం, దాని మీద ఆ దవడలకు కట్టిన సన్నటి తాడు, అంతే. దిగే వేగం మామూలు కంటే 15 శాతానికి మించి పెరిగాక చక్రం ఆ తాడును పట్టేస్తుంది. తాడు ఆగింది, క్యాబిన్ ఇంకా దిగుతోంది. ఆ లాగుడుకి దవడలు రైలుని కరుస్తాయి. 1854లో న్యూయార్క్‌లో ఎలీషా ఓటిస్ జనం ముందు తాడు కోయించి మరీ చూపించింది ఇలాంటి పట్టునే. మన భయం మాత్రం ఇంకా తాడు దగ్గరే ఉంది!

మరి ఆ బందమే కుళ్లితే? గవర్నర్ తాడు కింద పిట్‌లో, అంటే లిఫ్ట్ తిరిగే షాఫ్ట్ అడుగునున్న గుంతలో, బరువు కట్టిన గిలక చుట్టూ తిరుగుతుంది. మన డెల్టాలో వానలు పడి కాలువలు నిండితే పిట్‌లోకి ఊట వస్తుంది. గిలక మునిగి, తుప్పు పట్టి, బిగుసుకుంటుంది. రొయ్యల చెరువుల పక్కన ఉప్పునీరైతే ఇంకా తొందరగా. తాడు సాగి బరువు నేలకు ఆనితే లిఫ్టును ఆపడానికి అక్కడో స్విచ్ ఉంటుంది. మాటిమాటికీ ఆగిపోతోందని దాన్ని పీకి వైర్లు కలిపేస్తారు! బందం లేకుండా చెట్టెక్కడమే కదండీ. మోటారుతో నీళ్లు తోడించి ఊరుకుంటే చాలదు, గోడలకు వాటర్‌ప్రూఫింగ్ చేయించాల్సిందే. వరదొస్తోందంటే క్యాబిన్‌ని పై అంతస్తులో ఆపి మెయిన్ కట్టేయండి.

అసలు నన్నడిగితే తాడు కంటే తలుపుకే భయపడాలి. అంతస్తు తలుపు లాక్ కొక్కెం కనీసం 7 మిల్లీమీటర్లు లోపలికి దిగాకే లిఫ్ట్ కదలాలి. లాక్ పడిందని లిఫ్టుకు చెప్పే కాంటాక్ట్ పాడైతే, మార్చకుండా దాన్ని తప్పించి నేరుగా కలిపే జంపర్ వైరు వేస్తే, తలుపు తెరిచున్నా లిఫ్ట్ వెళ్లిపోతుంది. అవతల క్యాబిన్ ఉందనుకుని అడుగేస్తారు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. మనిషికి 68 కిలోల లెక్కన ఆరుగురి లిఫ్టుకు 408 కిలోలు. బియ్యం బస్తాలకూ అదే లెక్క. ఖాళీ లిఫ్టుకు బ్రేక్ జారితే కిందికి కాదు, పైకి పోతుంది! తాళ్ల రెండో కొసన తూకంగా వేలాడే కౌంటర్‌వెయిట్‌లో క్యాబిన్ బరువుతోపాటు లోడులో దాదాపు సగం ఉంటుంది మరి. కరెంటు పోయినప్పుడు దగ్గరి అంతస్తుకు చేర్చే బ్యాటరీ ఉంటే, నెలకోసారి మెయిన్ ఆపించి చూడండి. మధ్యలో ఇరుక్కుంటే కిందికి దూకొద్దు, క్యాబిన్ కింద ఖాళీ షాఫ్టే.

ఇన్‌స్పెక్షన్ రోజున ఖాళీ క్యాబిన్‌ని నెమ్మదిగా దింపుతూ గవర్నర్‌ని చేత్తో ట్రిప్ చేయించండి, అంటే తాడును పట్టేలా చేయించండి. దవడలు పట్టిన చోట రైలు మీద గాట్లు పడతాయి, తర్వాత వాటిని ఆకురాయితో నునుపు చేయాలి. ఆ గాట్ల ఫోటో అడగండి. అది చూపించకుండా "టెస్ట్ అయిపోయిందండి" అంటే నేనైతే సంతకం పెట్టను.