స్కాట్లాండ్ గోల్ఫ్ ట్రిప్: బ్యాలెట్ లాటరీ చుట్టూ అల్లిన మా వారం ప్లాన్

అందరికీ నమస్తే! లీడ్స్ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశాను. ఈరోజు వంట లేదు, షాపింగ్ లేదు. డైనింగ్ టేబుల్ మీద స్కాట్లాండ్ మ్యాప్ పరిచాం. జూన్‌లో వెళ్లే గోల్ఫ్ ట్రిప్‌కి రూట్ ఖాయం చేసేది ఈరోజే.

వైజాగ్ నుంచి మా చిన్నమామయ్య, చిన్నత్తయ్య వస్తున్నారు. చిన్నమామయ్య నేవీలో రిటైర్ అయ్యారు. వైజాగ్ ఈస్ట్ పాయింట్ క్లబ్‌లో ఏళ్ల తరబడి ఆడుతున్నారు. మా ఆయనా నేనూ ఈ దేశం వచ్చాకే నేర్చుకున్నాం. చిన్నత్తయ్యకి ఆట మీద ఆసక్తి లేదు, నడక మాత్రం ఎంత దూరమైనా ఇష్టమే.

చిన్నమామయ్య వాట్సాప్‌లో ముందే గోల్ఫ్ కోర్సుల లిస్టు పంపేశారు. టర్న్‌బెర్రీ, ట్రూన్, ప్రెస్ట్‌విక్, సెయింట్ ఆండ్రూస్, కార్నూస్టీ, ఆ పైన ఉత్తరాన డోర్నాక్. "ఇంత దూరం వచ్చి ఇవి ఆడకుండా ఎలా వెళ్తామమ్మా?" అన్నారు. ఆయన ఆశ న్యాయమైనదే. మొట్టమొదటి ఓపెన్, అంటే బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ పోటీ, 1860లో జరిగింది ప్రెస్ట్‌విక్‌లోనే. ట్రూన్‌లో 8వ హోల్‌ని పోస్టేజ్ స్టాంప్ అంటారు. 123 గజాల దూరం, చిన్న గ్రీన్, అంటే జెండా ఉండే నున్నటి పచ్చిక, చుట్టూ బంకర్లనే ఇసుక గుంటలు. అది ఆడాలని నాకూ ఉంది. కానీ టర్న్‌బెర్రీ, ట్రూన్, ప్రెస్ట్‌విక్ పడమటి తీరంలో ఉన్నాయి, సెయింట్ ఆండ్రూస్ తూర్పున. అక్కణ్నుంచి డోర్నాక్ కారులో దాదాపు నాలుగు గంటలు. వారంలో ఇవన్నీ ఇరికిస్తే ఆడేది తక్కువ, సూట్‌కేసులు సర్దేది ఎక్కువ.

ఇంకో కారణం ఉంది, నాకు అదే ముఖ్యం. లింక్స్ కోర్సు అంటే సముద్రానికీ పొలాలకీ మధ్య ఉండే ఇసుక నేల. చెట్లు దాదాపు ఉండవు, వాన పడ్డా నీళ్లు నిలవవు, నేల గట్టిగా ఉంటుంది కాబట్టి బంతి పడిన చోట ఆగకుండా దొర్లుతూ పోతుంది. అన్నిటికంటే గాలి! పొద్దున సెవెన్ ఐరన్ అనే మధ్యరకం క్లబ్‌తో అందిన గ్రీన్‌కి, గాలి తిరిగితే మర్నాడు బాగా దూరం కొట్టే వుడ్ తీయాల్సి వస్తుంది. అందుకే ఆరు కోర్సులు ఒక్కొక్కసారి ఆడేకంటే, మూడు నాలుగింటిని నింపాదిగా ఆడి, నచ్చినదాన్ని రెండోసారి ఆడితేనే లింక్స్ అంటే ఏంటో తెలుస్తుంది. ఈ మాట చెప్తే చిన్నమామయ్య వీడియో కాల్‌లో కాసేపు ఆలోచించి, "సరేనమ్మా, డోర్నాక్ తీసెయ్" అన్నారు. ట్రూన్ తీయడానికి మాత్రం ఇంకో కాల్ పట్టింది!

ఇక అసలు విషయం, సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్స్. అది ఏ ప్రైవేట్ క్లబ్ సొత్తూ కాదు, పబ్లిక్ స్థలం. ఊళ్లో ఉన్న ఏడు కోర్సుల్ని లింక్స్ ట్రస్ట్ నడుపుతుంది. ఓల్డ్ కోర్స్ టీ టైమ్‌లలో, అంటే ఆట మొదలుపెట్టే సమయాల్లో, చాలా వాటిని బ్యాలెట్‌లో ఇస్తారు. బ్యాలెట్ అంటే లాటరీయే. ఆడే రోజుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం రెండు లోపు, ఇద్దరి నుంచి నలుగురి వరకు ఒక గ్రూపుగా పేర్లు వేయాలి. సాయంత్రానికి రిజల్ట్ వస్తుంది. ఆన్‌లైన్‌లో వేయొచ్చు కాబట్టి ఆ ఊళ్లోనే ఉండాలని లేదు. పేరు వస్తేనే డబ్బు కట్టాలి. సీజన్‌లో ఒక్కొక్కరికీ 300 పౌండ్లు దాటుతుంది, అది ముందే బడ్జెట్‌లో పెట్టుకోండి. ఆటగాడి స్థాయి చెప్పే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ తప్పనిసరి. మామూలుగా బగ్గీ ఇవ్వరు, నడవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

చాలామంది మిగతావన్నీ బుక్ చేసుకుని, ఓల్డ్ కోర్స్‌కి ఒకే ఒక్క రోజు వదులుతారు. ఆ రోజు లాటరీ తగలకపోతే అంతే సంగతులు. మేం తిరగేసి కట్టాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా సెయింట్ ఆండ్రూస్ వదిలి ఎక్కడికీ బస మార్చం. రోజూ బ్యాలెట్ వేస్తాం. రెండు రోజులు పూర్తిగా ఖాళీ. న్యూ కోర్స్, జూబ్లీ ముందే బుక్ చేసుకునే వీలుంది, ఇవి రెండూ 1890ల నాటివే, ఓల్డ్ కోర్స్ పక్కనే. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఈ రెండింటికీ సాయంత్రం టీ టైమ్‌లే తీసుకుంటున్నాం. పొద్దున ఓల్డ్ కోర్స్ తగిలినా గొడవ ఉండదు.

ఆదివారం ఊళ్లోకి దిగాలన్నది మాత్రం నేను పట్టుబట్టింది. ఆదివారాలు మామూలుగా ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు, అందరూ లోపలికి వెళ్లి నడవొచ్చు. కుక్కల్ని తెచ్చుకుంటారు, పిల్లల్ని ఆడిస్తారు. చిన్నత్తయ్య కూడా స్విల్కన్ బ్రిడ్జ్ అనే పాత రాతి వంతెన మీద ఫొటో దిగొచ్చు, టికెట్ లేదు. ఆటగాళ్లకి లాభం ఏంటంటే, 112 బంకర్లలో పెద్దవి ఎక్కడున్నాయో ముందే కళ్లారా చూసుకోవచ్చు. అక్కడ ఏడు డబుల్ గ్రీన్లున్నాయి, ఒకే గ్రీన్ మీద రెండు హోల్స్. అలా కలిసిన రెండు హోల్స్ నంబర్లూ కూడితే మొత్తం పద్దెనిమిదే: 2వది 16తో, 5వది 13తో, అలా. జెండా పొరపడకుండా ఈ లెక్క బాగా పనికొస్తుంది.

ఖాళీ రోజులకి చుట్టుపక్కల క్రెయిల్, ఈలీ ఉన్నాయి, రెండూ అరగంట లోపే. చిన్నమామయ్య మనసు మారింది ఈలీ దగ్గరే. మొదటి టీ, అంటే ఆట మొదలుపెట్టే చోటు, దాని ముందు గుట్ట అడ్డం ఉండి అవతల ఎవరున్నారో కనబడదు. అందుకని ఎక్స్‌కాలిబర్ అనే బ్రిటిష్ సబ్‌మెరీన్ నుంచి తీసిన పెరిస్కోప్‌ని, ఆట మొదలుపెట్టించే స్టార్టర్ గదిలో బిగించారు! దాంట్లోంచి చూసి, ముందు గ్రూపు దాటిందని తెలిశాకే కొట్టనిస్తారు. వైజాగ్ బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరీన్ మ్యూజియం దగ్గర ఎన్ని సాయంత్రాలు గడిపారో ఈ మనిషి! ఇది వినగానే "ఈలీ రెండు రౌండ్లు పెట్టమ్మా" అన్నారు.

చివరి రెండు రోజులు ఎడిన్‌బరోలో. అక్కణ్నుంచి నార్త్ బెరిక్‌కి రైల్లో అరగంట పైచిలుకు, కారు అక్కర్లేదు. అక్కడి 15వ హోల్ రెడాన్‌ని చూసి ప్రపంచమంతా పార్ త్రీలు, అంటే మూడు షాట్లలో ముగించాల్సిన హోల్స్, కట్టుకున్నారు. 13వ హోల్‌లో గ్రీన్‌కి ముందే రాతి గోడ ఉంటుంది, దాని పైనుంచి బంతి దాటించాలి. మేం ఆడుతుంటే చిన్నత్తయ్యకి సముద్రపక్షుల సెంటర్, ఎదురుగా బాస్ రాక్ చూస్తూ పడవ ప్రయాణం. పక్కనే మ్యూర్‌ఫీల్డ్ ఉంది కదా అని అడుగుతారు. ఆ క్లబ్ ఆడవాళ్లకి మెంబర్‌షిప్ ఇవ్వడానికి 2017లో గానీ ఓటు వేయలేదు. 2022లో విమెన్స్ ఓపెన్ అక్కడే జరిగిందంటే సంతోషమే. అయినా మా వారంలో చోటు ఇవ్వాల్సింది నార్త్ బెరిక్‌కే అని నా అభిప్రాయం.

సోమవారం ఆటకి పేర్లు శనివారమే వేయాలి. అంటే ఇంట్లో బ్యాగులు సర్దుతూనే మొదటి బ్యాలెట్ వేసేస్తాం. చిన్నమామయ్య సర్టిఫికెట్ వైజాగ్ క్లబ్ నుంచి ఇంకా రావాలి, ఆ మెసేజ్ ఇప్పుడే పెడుతున్నాను. ఈలీ, క్రెయిల్ ఆడినవాళ్లెవరైనా ఉంటే ఏది పొద్దున, ఏది సాయంత్రం పెట్టుకోవాలో కామెంట్లలో చెప్పండి. ఆ రెండు టీ టైమ్‌లూ ఈ వారమే బుక్ చేస్తున్నాం.