రోజూ తిరిగే బండి: డీజిలా, హైబ్రిడ్డా?

అందరికీ నమస్కారం. పటమట, కానూరు, పోరంకి నుంచే కాకుండా వారధి దాటి గుంటూరు, మంగళగిరి నుంచి కూడా కొందరు వచ్చారు. చాలా సంతోషం.

నన్ను పిలిచిన పెద్దలు అడిగింది ఒక్కటే: "రోజూ తిరగడానికి కారు కొనాలి, డీజిల్ తీసుకోమంటారా, హైబ్రిడ్ తీసుకోమంటారా?" హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే బండి. నా జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెప్పుకుందాం. విజయవాడ ఊళ్లో తిరిగే బండికి డీజిల్ రోజులు అయిపోయాయి. హైవే మీద నెలకు రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మాత్రం డీజిల్‌ను మించింది ఇంకా రాలేదు. రోజుకు పదిహేను కిలోమీటర్లు కూడా దాటనివాళ్లకు ఈ రెండూ దండగే, మామూలు పెట్రోలు బండి చాలు. ఏ బండి మంచిదని అడిగేముందు మీ కిలోమీటర్లు ఎక్కడ ఖర్చవుతున్నాయో చూసుకోండి. నేను చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మనవాళ్లకు డీజిల్ మీద మమకారం ఊరికే రాలేదు. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోలు ధర మీద పట్టు వదిలేసింది, డీజిల్ మీద వదల్లేదు. దాంతో 2012లో ఒక దశలో లీటరుకు పాతిక రూపాయలకు పైనే తేడా వచ్చింది. పైగా డీజిల్ బండి మైలేజీ ఎక్కువ. అలాంటప్పుడు ఎవరైనా డీజిలే కొంటారు కదా. 2012-13లో దేశంలో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిల్‌వే. 2014 అక్టోబరులో డీజిల్ ధరను కూడా మార్కెట్‌కు వదిలేశారు. ఇప్పుడు మన దగ్గర పెట్రోలు దాదాపు 110, డీజిల్ దాదాపు 97. అంటే తేడా పన్నెండు పదమూడు రూపాయలు. కొత్త కార్లలో డీజిల్ వాటా అయిదింట ఒక వంతుకు కూడా రావడం లేదు. మారుతి 2020లో డీజిల్ కార్లు మానేసింది, హోండా 2023లో మానేసింది.

వాళ్లు మానేయడానికి ధర ఒక్కటే కారణం కాదు. 2020 ఏప్రిల్ 1న బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్6 నిబంధనలు వచ్చాయి. డీజిల్ కారు పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు అంతకుముందు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. ఒక్క దెబ్బతో దాన్ని 80కి దించారు. ఇంధనంలో గంధకాన్ని 50 పీపీఎం (పదిలక్షల పాళ్లలో 50) నుంచి 10కి తగ్గించారు. మసి బయటికి రాకుండా పట్టడానికి సైలెన్సర్ దారిలో ఒక ఫిల్టర్ పెట్టారు. దాన్నే డీపీఎఫ్ అంటున్నాం. డీజిల్ కారు కొనాలనుకునేవాళ్లు ఈ ఒక్క భాగాన్ని బాగా అర్థం చేసుకుంటే చాలు, మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

డీపీఎఫ్ లోపల సన్నటి పింగాణీ గొట్టాలు వందల కొద్దీ ఉంటాయి. పొగ వాటి గోడల్లోంచి వడకట్టుకుని పోతుంది, మసి లోపలే ఆగిపోతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అది నిండుతుంది. అప్పుడు బండి తనంతట తానే కాస్త డీజిల్ ఎక్కువ కొట్టి, ఫిల్టర్‌ను ఆరువందల డిగ్రీల దాకా వేడెక్కించి, ఆ మసిని కాల్చేస్తుంది. కట్టెల పొయ్యి మీద పొగగొట్టానికి పట్టిన మసిని ఏడాదికోసారి దులుపుకున్నట్టే ఇది కూడా, కాకపోతే ఇక్కడ నిప్పుతో దులపాలి. ఈ పని సాఫీగా జరగాలంటే బండి ఒక పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా, ఒక మాదిరి వేగంతో పోతూ ఉండాలి. చెన్నై హైవే ఎక్కితే డ్రైవరుకు తెలియకుండానే అయిపోతుంది.

మరి పోరంకిలో బయలుదేరి బందరు రోడ్డు మీదుగా గవర్నర్‌పేటకు పోయే మనిషి సంగతేమిటి? తాడిగడప దగ్గర ఆగాలి, ఆటోనగర్ గేటు దగ్గర ఆగాలి, బెంజ్ సర్కిల్ దగ్గర ఎంతసేపు ఆగాలో ఆ దుర్గమ్మకే తెలియాలి. మసి కాల్చడం మొదలవుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, అంతలో ఆఫీసు వచ్చేస్తుంది, ఈయన తాళం తిప్పేస్తాడు. పని సగంలో ఆగిపోతుంది. సాయంత్రం మళ్లీ మొదలు, మళ్లీ సగంలోనే ఆగడం. ఇలా ఆగినప్పుడల్లా కాలకుండా మిగిలిన డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది. గేజ్ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ మట్టం పెరిగి కనబడుతుంది. చాలామంది దాన్ని చూసి "ఆయిల్ తాగట్లేదు, ఇంజన్ గట్టిది" అని సంబరపడతారు. అది మంచి గుర్తు కాదండీ, వెంటనే ఆయిల్ మార్పించండి. ఇక డాష్‌బోర్డు మీద డీపీఎఫ్ పసుపు దీపం వెలిగితే ఆ రోజే హైవే ఎక్కి ఓ అరగంట తిప్పి రండి. అది పట్టించుకోకపోతే తర్వాతిది షోరూమ్ బిల్లు.

కొందరు షెడ్లలో ఆ ఫిల్టర్‌ను కోసి, లోపలిదంతా తీసేసి, ఖాళీ డొక్కు మళ్లీ బిగించేస్తున్నారు. పికప్ పెరిగిందని యజమాని మురిసిపోతాడు. ఆ మసి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో ఆలోచించమని చేతులు జోడించి అడుగుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. బడి వదిలే వేళకు గేటు ముందు ఇంజన్ ఆపకుండా ఏసీ వేసుకుని వరసగా నిలబడే కార్లు చూస్తుంటాం. వాటి పొగ పీల్చేది ఆ పిల్లలే.

ఇప్పుడు హైబ్రిడ్ దగ్గరికి వద్దాం. ముందు ఒక చిక్కు తీర్చాలి. షోరూమ్‌లో "స్మార్ట్ హైబ్రిడ్", "మైల్డ్ హైబ్రిడ్" అని చూపించేవి నేను మాట్లాడుతున్న హైబ్రిడ్లు కావు. వాటిలో చిన్న మోటారు ఇంజన్‌కు కాస్త చెయ్యి సాయం చేస్తుంది, అంతే. అది ఒంటరిగా బండిని కదపలేదు. కదపగలిగేవాటిని స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటారు. జపాన్‌లో టయోటా 1997 డిసెంబరులో ప్రియస్ కారుతో మొదలుపెట్టింది. మన మధ్యతరగతికి దగ్గరగా వచ్చింది మాత్రం 2022లోనే. ఆ ఏడాది హోండా సిటీ, తర్వాత టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ వచ్చాయి.

వీటిని ఛార్జింగ్ పెట్టక్కర్లేదు. బంకులో పెట్రోలు పోయించుకోవడమే. బ్రేకు తొక్కినప్పుడు మామూలు బండిలో వేడిగా పోయే శక్తిని ఇక్కడ మోటారు వెనక్కి లాక్కుని బ్యాటరీలో వేస్తుంది. కదిలేటప్పుడు, నెమ్మదిగా పాకేటప్పుడు ఆ కరెంటుతోనే బండి నడుస్తుంది. రామవరప్పాడు రింగు దగ్గర ఒకసారి హైబ్రిడ్‌లో కూర్చుని ముందున్న తెర చూడండి. ముందు బస్సు ఆగింది, మీరు బ్రేకు తొక్కారు, చక్రాల నుంచి బ్యాటరీ వైపు గీత పాకుతుంది. బస్సు కదిలింది, గీత వెనక్కి తిరిగి చక్రాల వైపు పోతుంది. ఇంజన్ గప్‌చుప్. మీటరు మీద మీటరు పాకుతున్నారు, పెట్రోలు కాలడం లేదు. డీజిల్ బండి ఎక్కడైతే బాధపడుతుందో సరిగ్గా అక్కడే ఇది సంపాదించుకుంటుంది. ట్రాఫిక్ పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది.

మన ఊరికి ఇంకొకటి ముఖ్యం. మే నెలలో ఇక్కడ ఎండ నలభై అయిదు దాకా పోతుంది. మామూలు కార్లో ఏసీ కంప్రెసర్ ఇంజన్ బెల్టు మీద తిరుగుతుంది, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపితే చల్లదనం పోతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది. ఇంజన్ ఆగినా చల్లగాలి ఆగదు. అలాగని బ్యాటరీ పెద్దదేం కాదు. హైరైడర్‌లో ఉన్నది ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు, ముప్పావు యూనిట్, అంతే. మిట్టమధ్యాహ్నం ఏసీ గట్టిగా వేస్తే కాసేపటికే ఇంజన్ లేచి దాన్ని నింపుకుంటుంది. అందువల్ల వేసవిలో మైలేజీ తగ్గుతుంది. తగ్గినా డీజిల్ కంటే మీదే ఉంటుంది.

కాగితం మీది అంకెలు చూసి మోసపోకండి. గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లు అని, 2022లో వచ్చిన హోండా సిటీకి 26.5 అని వేశారు. హ్యుందాయ్ క్రెటా డీజిల్ మాన్యువల్‌కు 21.8 అంటారు. ఆ పరీక్ష ఏసీ ఆపి, లోపల రోలర్ల మీద చేసేది. బందరు రోడ్డు అక్కడ లేదు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. ఒక లీటరు ఇథనాల్ ఇచ్చే శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే. అంచేత నా లెక్కకు తగ్గించే వేసుకుంటాను: ఊళ్లో హైబ్రిడ్ 20, డీజిల్ ఆటోమేటిక్ 13, మామూలు పెట్రోలు 12. కిలోమీటరుకు హైబ్రిడ్ అయిదున్నర రూపాయలు, డీజిల్ ఏడున్నర, పెట్రోలు తొమ్మిది పైన. ఏడాదికి పదివేల కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగితే డీజిల్ కంటే హైబ్రిడ్ మీద ఇరవై వేలు మిగులుతాయి. ఆ సైజు డీజిల్ ఆటోమేటిక్, హైబ్రిడ్ కొనుగోలు ధరలు దాదాపు దగ్గరదగ్గరగానే ఉన్నాయి కాబట్టి ఈ మిగులు చాలావరకు మీదే.

అదే మామూలు పెట్రోలు బండితో పోలిస్తే కథ వేరు. హైబ్రిడ్‌కు సుమారు మూడు లక్షలు ఎక్కువ పెట్టాలి. అది తిరిగి రావాలంటే ఎనభై వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి పదిహేను వేలు తిరిగేవాళ్లకు అయిదారేళ్లు పడుతుంది, బాగానే ఉంది. గుడికి, కూరగాయలకు, మనవడి బడికి కలిపి ఏడాదికి అయిదువేలు తిరిగే రిటైరైన దంపతులకు పదహారేళ్లు. దయచేసి కొనకండి. ఆ మూడు లక్షలు బ్యాంకులో ఉంచుకోండి.

ఇప్పుడు డీజిల్‌కు న్యాయం చేయాలి. గుంటూరు నుంచి వచ్చినవాళ్లలో మిర్చి వ్యాపారంలో ఉన్నవారు ఉన్నారు. ఇవాళ హైదరాబాదు, ఎల్లుండి చెన్నై. నిండా మనుషులు, వెనక సామాను. హైవే మీద బ్రేకు తొక్కేదే తక్కువ, ఇక హైబ్రిడ్‌కు తిరిగి రాబట్టుకునే శక్తి ఎక్కడుంటుంది? అక్కడ అది కాస్త బరువైన పెట్రోలు బండి మాత్రమే. గంటకు వంద వేగంతో పోతుంటే లీటరుకు 18 ఇస్తే గొప్ప. డీజిల్ అదే దారిలో 19, జాగ్రత్తగా నడిపితే ఇంకా పైన ఇస్తుంది. కిలోమీటరుకు రూపాయి తక్కువ. ఏడాదికి ముప్ఫై వేల కిలోమీటర్లయితే ముప్ఫై వేలు మిగిలినట్టే. డబ్బు పక్కన పెట్టినా, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే వచ్చే ఆ లాగుడు వేరు. దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే తేడా తెలుస్తుంది. హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీ కొండ సగంలోనే అయిపోతుంది, ఇక ఇంజన్ అరుస్తూ ఎక్కాలి. అయిదుగురితో నెలకు నాలుగుసార్లు దూరం పోయే ఇంటికి నేను నిస్సందేహంగా డీజిలే చెబుతాను. హైవే మీద డీపీఎఫ్ కూడా తన పని తాను చేసుకుపోతుంది.

సెకండ్ హ్యాండ్ గురించి రెండు మాటలు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అప్పటినుంచి అక్కడి పెద్ద డీజిల్ బండ్లు చవగ్గా దక్షిణాదికి వస్తున్నాయి. మెరుపు చూసి మనవాళ్లు పడిపోతున్నారు. అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు, టర్బో, ఇంజెక్టర్లు లాంటి ఇంజన్ భాగాల మరమ్మతు, ఇవన్నీ కలుపుకున్నాక ధర ఎంతో చూడండి. పాత హైబ్రిడ్ కొనేటప్పుడైతే బ్యాటరీ వారంటీ చూడాలి. చాలావాటికి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. అలాగే వెనక సీటు పక్కన ఉండే చిన్న జల్లెడలాంటి గాలి దారి చూడండి. బ్యాటరీ చల్లబడేది ఆ గాలితోనే. దుమ్ము, పిల్లలు రాల్చిన మరమరాలు, కుక్క వెంట్రుకలు చేరి అది మూసుకుపోతుంది. దాని మీద సంచీ, దుప్పటి వేయకండి. బ్రష్‌తో ఆ జల్లెడ తుడవడానికి రెండు నిమిషాలు చాలు.

చివరగా, 2024 సెప్టెంబరు మొదటి వారం ఎవరూ మర్చిపోలేదు. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఇళ్ల ముందు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. డీజిల్ అయినా హైబ్రిడ్ అయినా మునిగిన బండిని స్టార్ట్ చేయకూడదు. ఇంజన్లోకి నీళ్లు పోయి ఉంటే ఒక్క తాళం తిప్పుడుకే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. హైబ్రిడ్‌లో నారింజ రంగు తీగలు కనిపిస్తాయి, వాటిలో వందల వోల్టులు ఉంటాయి. మీరు గానీ, తెలియని మెకానిక్ గానీ వాటి మీద చెయ్యి వేయొద్దు, కంపెనీ శిక్షణ పొందినవాళ్లనే పిలవండి. లోతట్టు కాలనీల్లో ఉన్నవాళ్లు ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్షన్ కవరు తప్పకుండా తీసుకోండి. హైబ్రిడ్ అయితే బ్యాటరీకి కూడా ఆ కవరు వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చూసుకోండి, ఏజెంటు నోటిమాట చాలదు.

షోరూమ్‌కు వెళ్లినప్పుడు సర్వీసు రోడ్డు మీద ఒక రౌండు తిప్పి తెస్తామంటే ఒప్పుకోకండి. మీరు ఆఫీసుకు పోయే దారిలోనే, మీరు పోయే వేళకే, ఏసీ వేసి, ఇంటిల్లిపాదీ కూర్చుని నడపండి. డిక్కీ తెరిచి చూడండి, కొన్ని హైబ్రిడ్లలో బ్యాటరీ వల్ల సామాను చోటు బాగా తగ్గింది. ఇక ప్రశ్నలు అడగండి. నెలకు ఊళ్లో ఎన్ని కిలోమీటర్లు, హైవే మీద ఎన్ని అని రాసుకొచ్చినవాళ్లు ఉంటే ముందు వాళ్లతో మొదలుపెడదాం.